గుర్రం లేచేదాకా తిట్టిన డాక్టరమ్మ

మొన్న గద్వాలలో బస్టాండుకు పోయే దారిలో ఒక ఫ్లెక్సీ చూశాను. రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టారు. విప్పి పరిస్తే ఎకరం పొలానికి నీడనిచ్చేంత ఫ్లెక్సీ. నడుమ మా పశువుల డాక్టరమ్మ ఫొటో. తల చుట్టూ వెలుగు, కాళ్ల దగ్గర తామరపూలు, భుజానికొకటి చొప్పున తెల్ల పావురాలు. కింద మూరెడేసి అక్షరాలు: "శాంతమూర్తి, ఓర్పుకు మారుపేరు, మూగజీవాల తల్లికి అశ్రునివాళి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

శాంతమూర్తా? ఎవరు? ఆమెనా? గద్వాలలో నిలబడి ఆమె ఒక తిట్టు తిడితే జూరాల నీళ్ల మీది కొంగలు లేచిపోయేవి. వనపర్తి సందుల్లో ఆమె స్కూటరు చప్పుడు వినిపిస్తే పశువుల కంటే ముందు పశువుల యజమానులు కొట్టంలో దాక్కునేవారు. నాగర్‌కర్నూల్‌లో ఒకాయన బర్రె ఆమె గొంతు విని, తాను ఈనాల్సింది మరునాడైనా ఆ సాయంత్రమే ఈనేసిందని అక్కడివాళ్లు చెబుతారు. నేను చూడలేదు. కానీ నమ్ముతాను.

ఆమె పోయాక జరిగిన సంతాప సభకు షామియానా వేసింది నేనే. వనపర్తిలో నాకు టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు సర్దుకుంటూ ఒక మూల నిలబడి ఉపన్యాసాలన్నీ విన్నాను. ఒకాయన ఆమె మనసు వెన్న అన్నాడు. ఇంకొకాయన ఆమె నోటి నుంచి పరుషమైన మాట రాగా వినలేదన్నాడు. ఆ రెండో పెద్దమనిషిని నాకు బాగా తెలుసు. పెబ్బేరు సంతలో అతను తన ఎద్దు ముక్కుతాడును ఎలా కట్టాడో చూసి ఆమె, "నువ్వు, నీ ఎద్దు, ఇద్దరిట్ల ఎవరికి సూది ఎయ్యాలె? నాకైతే దానికే బుద్ధున్నట్లు అనిపిస్తున్నది" అని సంత సంతంతా వినేలా అడిగింది. ఆ మనిషి మైకు పట్టుకుని పరుషమైన మాట వినలేదంటాడు! ఆ రోజు చెవులు ఇంట్లో పెట్టి వచ్చాడా?

చనిపోయిన మనిషి చెవికమ్మలు దొంగిలిస్తే పోలీసులు వస్తారు. కోపాన్ని దొంగిలిస్తే ఎవరూ రారు. పైగా చప్పట్లు కొడతారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె పేరు రాయను. పేరు రాస్తే మళ్లీ ఎవడో దానికి పావురాలు అంటిస్తాడు.

మామూలు పశువుల డాక్టరు సంచిలో మందులుంటాయి. ఆమె సంచిలో తాళ్లుండేవి. మందులు ఎక్కడో అడుగున ఊపిరాడక మూలిగేవి. ఆ తాళ్లన్నీ ఒకదానికొకటి ముడేస్తే వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా వచ్చి, మిగిలిన ముక్క కోడేరులో బట్టలారేసుకోవడానికి పనికొస్తుందని నా అంచనా. అన్నీ నూలు తాళ్లే. నైలాను తాడు కనిపిస్తే ఆమెకు పాము కనిపించినట్లే. "గిది తోలును కోస్తది, చేతిని కాలుస్తది, ముడి పడ్డదంటే ఊడదు. దీన్ని కనిపెట్టినోన్ని దీంతోనే కట్టెయ్యాలె" అనేది.

ఇంకొక జబ్బు కూడా ఉండేది ఆమెకు. ఎవరు వేసిన ముడి కనిపించినా గుంజి చూసేది. ఆటో మీద కట్టిన మేకపిల్ల ముడి, పాలక్యాన్ల ముడి, బస్సు పైన సంచుల ముడి, చివరికి ఎవరో పెద్దావిడ కొంగున వేసుకున్న ముడి కూడా వదిలేది కాదు. నాతో ఆమెకు పరిచయం అయింది కూడా అట్లాగే. శ్రీరంగాపూర్‌లో ఒక పెళ్లికి నేను టెంటు వేశాను. ఆమె పెళ్లికి వచ్చిన చుట్టం. ఒక చేతిలో అన్నం విస్తరి, రెండో చేత్తో నా టెంటు గుంజకు కట్టిన తాడు పట్టుకుని నిలబడింది.

"ఎవడురా ఇది కట్టింది?"

నేను చొక్కా సర్దుకుని ముందుకొచ్చాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "నేనే మేడం. గాలిదుమారం వచ్చినా కదలదు."

"విప్పు."

"ఇప్పుడా? కింద జనం తింటున్నరు మేడం."

"టెంటు పడదు, పక్కకు ఇంకో తాడుంది. విప్పు అంటున్న."

వేళ్లతో గుంజాను. గోళ్లతో గుంజాను. పళ్లతో కొరికాను. ఆ ముడి నా తండ్రి హయాంలో పడినట్లు బిగుసుకుని కూర్చుంది. పెళ్లి వాళ్లు పప్పు వడ్డించడం ఆపి నన్ను చూడసాగారు. పెళ్లికొడుకు కూడా తాళి కట్టడం మరిచి చూశాడని చెప్పను కానీ, చూసి ఉంటే ఆశ్చర్యం లేదు.

"షామియానా!" అంది. ఆ రోజు నుంచి అదే నా పేరు. "నీ టెంటుకు నిప్పంటుకుంటే గీ ముడిని ఏం జేస్తవు? ఫైరింజను వచ్చేదాకా బుజ్జగిస్తవా?"

"గట్టిగ ఉండాలని కట్టిన మేడం..."

"గట్టిగ కట్టుడు ఎవనికైనా వస్తది. గుంజేదాకా ఊడొద్దు, గుంజినంక ఉండొద్దు. గది ముడి. నువ్వు కట్టింది శిక్ష." అని, విస్తరి నా చేతిలో పెట్టి, తన సంచిలోంచి తాడు తీసి, గుంజకు చుట్టి, కొసను మడిచి దూర్చింది. నన్ను తాడుకు వేలాడమంది. వేలాడాను. నేను చిన్న మనిషిని కాను, నా బరువుకు కుర్చీలు ఏడుస్తాయి. ముడి కదలలేదు. అప్పుడామె వదిలి ఉన్న కొసను రెండు వేళ్లతో ఒక్క గుంజు గుంజింది. ముడి మాయం. నేను వెల్లకిలా పప్పు గుండిగ పక్కన ఉన్నాను.

దాన్ని ఆమె 'గుంజుడు ముడి' అనేది. మూడు జిల్లాల్లో దాన్ని నేర్పడానికి ఆమె చేసిన యుద్ధం అంతా ఇంతా కాదు. ఎందుకంటే మాది ఎద్దుల దేశం. మా పిల్లలు పలక పట్టకముందే పలుపు పడతారు. ఎద్దు గురించి మాకు తెలియనిది ఎద్దుకు కూడా తెలియదు. చిక్కల్లా అక్కడే వచ్చింది. గుర్రం కూడా కొమ్ములు రాలిపోయిన ఎద్దేనని మా గట్టి నమ్మకం.

ఎద్దుకు నాడాలు కొట్టేటప్పుడు ఏం చేస్తాం? కింద పడేసి, కాళ్లు కట్టి, తల కదలకుండా గుంజకు పొట్టిగా బిగిస్తాం. పని అయ్యాక కాళ్లు విప్పి తోక మెలిపెడతాం. ఎద్దు ముందు వెనకభాగం లేపుతుంది, ముందు మోకాళ్ల మీద కాసేపు ఆలోచించుకుంటుంది, ఆ తర్వాత తల ఎత్తుతుంది. అంత తీరిక ఉన్న జంతువు అది. తల పొట్టిగా కట్టినా దానికేం కాదు, మనం విప్పేదాకా ఆగుతుంది.

గుర్రం అట్లా లేవదు. ముందు తల విసురుతుంది, ముందుకాళ్లు చాపుతుంది, తర్వాత వెనకభాగాన్ని ఒక్క ఊపున పైకి తోస్తుంది. తల కట్టేస్తే దానికి లేచే దారే మూసుకుపోతుంది. అందులోనూ మత్తు ఇంజెక్షను ఇచ్చిన గుర్రం అయితే, మెలకువ వచ్చీరాకముందే భయంతో లేవాలని చూస్తుంది. కాళ్లు ఇంకా దాని మాట వినవు. ఆ సన్నని కాళ్ల మీద అంత బరువు ఒక పక్కకు ఒరిగిందంటే ఎముక పటుక్కుమంటుంది. ఎద్దు కాలు విరిగితే కట్టు కట్టి కొట్టంలో ఉంచుకోవచ్చు. గుర్రం కాలు విరిగిందంటే ఇంక ఆ గుర్రం లేదనే లెక్క. ఆపరేషను బాగానే చేసి, లేచేటప్పుడు పోగొట్టుకోవడం కంటే డాక్టరుకు నరకం ఇంకొకటి లేదు.

ఇది జనానికి నోటితో చెబితే ఎక్కలేదు. అందుకని ఆమె పెబ్బేరు శనివారం సంతలో చున్నీ నడుముకు బిగించి, పేడ, మట్టి అని చూడకుండా నేల మీద చేతులు, మోకాళ్లు ఆనించేది. అరవై దగ్గరపడ్డ డాక్టరమ్మ! "చూడున్రి, గిది ఎద్దు!" అని వెనక నుంచి లేచేది. "మల్ల చూడున్రి, గిది గుర్రం!" అని తల విసిరి ముందు నుంచి లేచేది. ప్రతి వేసవి, పెళ్లిళ్ల కాలానికి ముందు, ఇదే కథ. జనం మూగేవాళ్లు. బేరాలు ఆగిపోయేవి. ఎద్దులు కూడా నెమరు ఆపి చూసేవి. వాటిలో ఒకటి రెండు, ఎద్దు వేషం బాగా కట్టిందని తలాడించాయి.

ఒకసారి ఒక దళారి, "మేడం, జర ఇంకోసారి గుర్రం లెక్క లెవ్వున్రి, మావోడు వీడియో తియ్యలే" అన్నాడు.

"ఏంది, సర్కస్ అనుకున్నవా? నా మోకాలి చిప్పలు అరిగిపోతున్నయి నీ కోసం! రేపు ఎవని గుర్రం కాలిరిగినా వచ్చి నీ గల్లా పడత!" అని తాడు పట్టుకుని వాణ్ని గొర్రెల వరుస దాకా తరిమింది.

సంత జనమంతా నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు కొరకాలనిపిస్తుంది. నాకు కోపం వస్తే నా పరువు గురించి వస్తుంది. ఆమె కోపంలో ఆమె పరువు ఊసే ఉండేది కాదు, అంతా ఏదో ఒక గుర్రం కాలి గురించే. నవ్విన మూతులే మొన్న నా షామియానా కింద కూర్చుని ఓర్పు, శాంతం అంటూ ముక్కులు చీదాయి.

ఇప్పుడు నవాబు సంగతి చెప్పాలి.

నవాబు వనపర్తిలో ఖాజా పెంచుకునే తెల్ల గుర్రం. పెళ్లి బారాత్‌లకు ఖాజా దాన్ని తిప్పేవాడు. నా టెంటు ఎక్కడుంటే అతని గుర్రం అక్కడ ఉండేది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దాని డెక్కల మీదే. నవాబుకు ఈడు వచ్చింది. వచ్చాక దాని తిక్క చెప్పతరం కాలేదు. పెబ్బేరులో ఒక బారాత్‌కు ఎదురుగా ఇంకో బారాత్ వచ్చింది. అటు పెళ్లికొడుకు ఎక్కింది ఆడగుర్రం. నవాబు ఒక్కసారి గాలి పీల్చింది. అంతే! మీద ఉన్న పెళ్లికొడుకుతో సహా అటు దూకింది. ఆ కుర్రాడు తలపాగా ఒకచోట, చెప్పులు ఒకచోట, కేకలు దారి పొడవునా రాలుస్తూ పోయి ఇంకెవరిదో మంటపంలో తేలాడు. అక్కడి పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని అతని చేతిలోనే జీలకర్ర బెల్లం పెట్టబోయాడని నేను చెబుతుంటాను. పురోహితుడు కాదంటాడు.

ఆ తర్వాత ఖాజాను బారాత్‌కు పిలిచేవాళ్లు లేకపోయారు. ఆపరేషను చేయించి గుర్రాన్ని సాధువుగా మార్చాలి, లేకపోతే అమ్ముకోవాలి. అమ్మితే ఇంక బతుకుతెరువు లేదు. మత్తు ఇచ్చి గుర్రాన్ని పడుకోబెట్టాలంటే ఖాజాకు ప్రాణం విలవిలలాడింది. "మేడం, మల్ల లేస్తదా?" అని ఆమెను అడిగాడు.

"పడేసుడు నా పని. లేపుడు మీ చేతుల్ల ఉంటది. అందుకే నాకు భయం" అంది ఆమె.

పొద్దున్నే ఖాజా ఇంటి పెరట్లో వేరుశనగ పొట్టు మందంగా పరిచాం. ఒక పక్క వేపచెట్టు, ఇంకో పక్క రాతి గుంజ. రొమ్ము ఎత్తు మట్టిగోడ ఒకటి పెరటికీ ఇంటికీ మధ్య. ఆ గోడ అవతల ఖాజా భార్య షాహీన్, వాడకట్టు ఆడవాళ్లు నిలబడ్డారు. ఖాజా వాళ్లకు చెయ్యి ఊపాడు. "లోపలికి పోన్రి. ఇది ఆడోళ్లు చూసే ఆపరేషన్ గాదు."

డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకుంటూ ఆగింది. "మరి నేనేందిరా?"

"మీరు డాక్టర్ మేడం. మీరు ఆడోళ్లల్ల రారు."

ఆ మాటకు ఆమె చూసిన చూపుకు ఖాజా అక్కడికక్కడే పొట్టులో వేరుశనగ గింజ అయిపోవాల్సింది. కానీ పనికి ముందు ఆమె తిట్లను దాచుకునేది. ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. గోడ అవతలే ఉండిపోయారు.

తాళ్లు ఆమే కట్టింది. తలకు మెత్తటి నూలు తాడు, దాన్ని వేపచెట్టు మొదలుకు ఒక్క చుట్టు చుట్టి కొసను ఖాజా చేతికిచ్చింది. తోక ఎముక అయిపోయాక మిగిలే వెంట్రుకలను మడిచి వాటికి రెండో తాడు ముడేసి, రాతి గుంజ చుట్టూ తిప్పి నాకు ఇచ్చింది. ముడి లేదు, చేతిలో కొస మాత్రమే. "చేతికి సుట్టుకున్నవో, నీ చెయ్యి గుర్రంతోని పోతది. నువ్వు లాగొద్దు. అది లేస్తుంటే ఒరగకుండ పట్టు, అంతే. మత్తు దిగేదాకా ఒక్కడు గుడ నోరు తెరవొద్దు. నేను తెరిచినా సరే, తన్నున్రి."

మూడో మనిషి నర్సింహ. కోడేరు నుంచి వచ్చాడు. ఖాజాకు పాత దోస్తు, పెద్ద మీసం. ఎద్దులకు నాడాలు కొట్టించడంలో అంతటివాడు లేడని పేరు. గుర్రం కళ్లమీద తడి తువ్వాలు కప్పి ఉంచడం అతని పని.

ఆపరేషను అయిపోయింది. ఎంత తొందరగా అంటే, నేను భయపడటం మొదలుపెట్టేలోపు అయిపోయింది. ఆమె పక్కకు తిరిగి బకెట్లో చేతులు కడుక్కుంటోంది. ఖాజా చేతులు తాడు మీద తబలా వాయిస్తున్నాయి. నర్సింహకు జాలేసింది. గుసగుసగా, "నువ్వు జరుగు భాయ్, నీతోని గాదు" అని తాడు అందుకున్నాడు. అందుకుని ఏం చేశాడు? తాత, తండ్రి చేసిందే చేశాడు. తల పొట్టిగా గుంజి, చెట్టుకు బిగించి, ఎద్దుకు వేసే పీటముడి వేశాడు. మీద చేత్తో తట్టి చూసుకుని తృప్తిగా తోక వైపు వచ్చాడు. మెలిపెట్టడానికి!

నవాబు చెవి కదిలింది. తల విసిరింది. తాడు ఆపింది. మెడ పక్కకు మెలికపడింది. ముందుకాళ్లు పొట్టును తవ్వడం మొదలుపెట్టాయి. ఖాజా నోట్లోంచి వచ్చే కేకను తన అరచేత్తోనే అదిమేశాడు.

ఆమె వెనక్కి తిరిగింది.

అప్పటిదాకా నేను ఆమె గొంతుకే భయపడేవాణ్ని. ఆ రోజు ఆమె మౌనం చూశాను. ముఖం మొత్తం అరుస్తోంది, నోరు మాత్రం మూసుకుని ఉంది. ఒక్క మాట పైకి వస్తే గుర్రం ఇంకా బెదురుతుంది. తడి చేతులతోనే వచ్చి నవాబు మెడ మీద, చెవుల వెనక, అడ్డంగా పడుకుంది. తన బరువంతా వేసి తలను కిందికి ఒత్తింది. గుర్రం మళ్లీ విసిరింది. ఆమె కూడా లేచి పడింది. మళ్లీ ఒత్తింది. తాడు కొంచెం సడలింది. నేను ముడి వైపు చూశాను. ముడి కాదు అది, రాయి.

అప్పుడు ఆమె తిట్టడం మొదలుపెట్టింది. గుసగుసగా! గుర్రం చెవి పక్కనే నోరు పెట్టి, దాన్ని జోకొడుతున్న గొంతుతో, నర్సింహ వైపు చూస్తూ: "కత్తి తియ్యి... తియ్యి నాయనా... నీ మీసం కాలిపోను... ఎవడు కట్టమన్నడు... నీ ముడిని నువ్వే కొయ్యి... మెల్లగ... తాడు గుంజుకుంటుంటే కొయ్యకు, సడలినప్పుడు కొయ్యి... నీ తాతను తీస్కరా, ఆయనకు గుడ ఉన్నది నా చేతిల..."

నర్సింహ నడుముకున్న కత్తి తీసి కోశాడు. తల విడిపడింది. అయినా ఆమె లేవలేదు. గుర్రానికి మత్తు ఇంకా దిగలేదు, ఇప్పుడు లేస్తే పడుతుంది. మెడ మీద అట్లాగే పడుకుని, తన వంతు తిట్లన్నీ లాలిపాటలా పాడుతూనే ఉంది. నవాబు ఊపిరి నెమ్మదించింది. పెరట్లో ఈగ చప్పుడు కూడా లేదు. ఈగలు కూడా ఆమెకు భయపడ్డాయనే అనుకుంటాను.

సరిగ్గా అప్పుడు సందు చివర మైకు మోగింది. "ఉల్లిగడ్డలో... ఎర్రటి ఉల్లిగడ్డలో..." ఆటో ఒకటి ఇటే వస్తోంది. ఆ మైకుకు చనిపోయిన గుర్రాలు కూడా లేస్తాయి. నవాబు ఒళ్లంతా జలదరించింది. నేను తోక తాడు వదల్లేను. ఖాజా కళ్లు మూసుకుని అల్లాను తలచుకుంటున్నాడు. నర్సింహ కత్తి పట్టుకుని బొమ్మలా ఉన్నాడు. డాక్టరమ్మ కళ్లు మా ముగ్గురి మీదా తిరిగి, మమ్మల్ని అక్కడే పాతిపెట్టాయి.

గోడ మీంచి ఎవరో దూకారు. షాహీన్. చెప్పుల్లేకుండా సందులోకి పరిగెత్తింది. "ఎర్రటి ఉల్లి..." దగ్గర మైకు తెగిపోయింది. డ్రైవరు ఏదో గొణిగిన చప్పుడు, దాని మీద ఆమె ఏదో అన్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో పీకిన తీగ ముక్క ఉంది. గోడ అవతలికి పోలేదు. గుంజ పక్కన నిలబడింది.

ఎంతసేపయిందో తెలియదు. నాకు మాత్రం ఆ కాసేపట్లో జుట్టు తెల్లబడింది, అంతకుముందు నల్లగా ఉండేదని మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. నవాబు చెవులు రెండూ ఒకేసారి తిరిగాయి. డాక్టరమ్మ మెల్లగా దిగి, కొత్త తాడు తగిలించి, తల వదిలింది. కళ్ల మీది తువ్వాలు తీసింది. నవాబు తల విసిరింది. ముందుకాళ్లు చాపింది. ఒక్క ఊపు. వెనకభాగం లేచి ఇటు ఒరిగింది, నా చేతుల్లో తాడు బిగుసుకుంది. గుంజ పట్టింది, నేను పట్టాను, తోక ముడి పట్టింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు వణుకుతూ నిలబడ్డాయి.

నిలబడింది.

ఖాజా వెళ్లి డాక్టరమ్మ కాళ్ల మీద పడ్డాడు. "మీరు ఫరిష్తా మేడం! అల్లా పంపిన ఫరిష్తా!"

"లే! లేస్తవా, నీకు గుడ ఇంజెక్షను ఇయ్యాల్నా?" ఇంకా గుసగుసే, కానీ అంచులు రంపంలా ఉన్నాయి. "ఫరిష్తా అని దండం పెడితే నీకు ముడి రాకున్నా నడుస్తది గద? గందుకే పెడుతున్నవ్. రేపు నేనుంటనా? నాకు దండం వద్దు, చేతులు ఖాళీగ పెట్టు. తాడు పట్టు."

గుర్రం ఇంకా తూలుతోంది. మత్తు పూర్తిగా దిగేదాకా గుంజకు కట్టి, పక్కన మనిషి ఉండాలి. పడబోతే ఒక్క గుంజుడుకు వదలాలి. ఖాజా కట్టాడు. ఆమె గుంజింది. ఊడలేదు. నన్ను కట్టమంది. ఇన్నేళ్ల పరిచయం, శ్రీరంగాపూర్ పాఠం, అన్నీ తలచుకుని కట్టాను. కొసను మడవకుండా మొత్తం దూర్చేశాను. ఊడలేదు. ఆమె నన్నేమీ అనలేదు. అనకపోవడం ఎంత పెద్ద తిట్టో అప్పుడు తెలిసింది. నర్సింహ అడుగు ముందుకేశాడు. ఆమె అతని వైపు చూసింది. అడుగు వెనక్కి వేశాడు.

షాహీన్ మా మధ్య నుంచి వచ్చి తాడు అందుకుంది. గుంజకు చుట్టింది, కొస మడిచింది, దూర్చింది. డాక్టరమ్మ బలమంతా వేసి తాడును లాగింది. కదలలేదు. కొసను గుంజింది. పువ్వు రాలినట్టు ఊడింది.

"ఎవరు నేర్పిన్రు?"

"మీరే మేడం. మీరు వచ్చినప్పుడల్లా ఈయనను తిడతరు గద. గోడెనుక నుంచి చూసిన."

"మరి ఇన్నేండ్లు నోరు మూసుకొని ఎందుకున్నవ్? నీ గుర్రం కాదా?" డాక్టరమ్మకు ఆమె మీద కూడా కోపమే వచ్చింది. ఆమె దగ్గర ఎవరికీ మినహాయింపు లేదు.

"తాడు ఎవ్వరు చేతికియ్యలే మేడం."

డాక్టరమ్మ తాడు తీసి షాహీన్ చేతిలో పెట్టింది. తర్వాత మా ముగ్గురి వైపు తిరిగి, వేలితో మట్టిగోడ చూపించింది. "అటు పోన్రి. మగోళ్లు చూసే పని గాదు."

వెళ్లాం. ఖాజా, నేను, కోడేరు నర్సింహ, గోడ అవతల వాడకట్టు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని, గడ్డాలు గోడ మీద ఆనించి నిలబడ్డాం. పెరట్లో షాహీన్ మళ్లీ కట్టి, కొస చేత పట్టుకుని, నవాబు మెడ నిమురుతోంది. అది ఒక్కో కాలు పరీక్షించుకుంటూ అడుగేస్తోంది.

నర్సింహకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఎంతసేపు నిలబడాలె మేడం?" అని గోడ మీంచి అడిగాడు.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే షాహీన్ తల తిప్పకుండానే అంది:

"నోరు మూసుకొని నిలబడున్రి భయ్యా. గుర్రం బెదురుతది."